గంప కింద దొరసాని

నవంబరు 3, సోమవారం

ఇంట్లో ఉన్న గోల చాలదన్నట్టు ఇప్పుడు పన్నెండు కోడిపిల్లల కీచుకీచు.

కృపమణి ఆత్మకూరు నుంచి, అదే వాళ్ల పుట్టింటి నుంచి, అట్టపెట్టెలో వేసుకొచ్చింది. వాళ్లమ్మకు పొదుపు గ్రూపులో ఇచ్చారట. మెషిన్లో పొదిగిన పిల్లలు, తల్లి మొహం చూసినవి కావు. వయసు నెల దాటింది. మెడ మీద ఈకలు సరిగ్గా రాలేదు గానీ కాళ్లు మాత్రం ఇంతింత పొడుగు. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిందట. నేను అంగన్‌వాడీ నుంచి వచ్చేసరికి ఆ పెట్టె వంటింట్లో, నా బియ్యం డబ్బా పక్కన కూచుని ఉంది.

"యాడ పెడ్తావు వీట్ని?" అన్నాను.

"మన కోళ్లతోనే వదినా. వాటితోనే కలిసిపోతాయి."

మన కోళ్లట! నా తమ్ముడు ఈరేష్‌ని రిజిస్టర్ ఆఫీసులో పెళ్లి చేసుకుని, అయ్యాక నాకు ఫోను చేయించి, ఈ ఇంట్లో అడుగుపెట్టి నాలుగు నెలలు కాలేదు. అమ్మ పోయేనాటికి ఈరేష్ ఏడో తరగతి. వాడికి రోజూ ఒక గుడ్డయినా పెట్టాలని మొదటి పెట్టను తెచ్చింది నేను. ఇప్పుడున్న ఏడు పెట్టలూ, పుంజూ దాని సంతానమే. పెళ్లి, గిళ్లి అని ఎవరైనా అడిగితే ముందు వీడు ఒక దారిన పడనీ అంటూ వచ్చాను. పడ్డాడు.

అన్నిటికీ పైన దొరసాని. నల్లటి పెట్ట, మెడ దగ్గర మాత్రం ఎరుపు జీర. అది తిన్నాకే మిగతావి తినాలి. అది గూడెక్కాకే మిగతావి ఎక్కాలి. దానికంటూ ఒక పద్ధతి ఉంది. పద్ధతిగా ఉండేవాళ్లను చూస్తే ఎవరికైనా కంటగింపే.

ఈరేష్ పెట్టె పక్కన గొంతుకూచుని చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. వాడికి ముప్పై దాటాయి.

నవంబరు 4

పొద్దున్నే తీసుకుపోయి పిల్లల్ని నా కోళ్ల మధ్య వదిలేసింది. వద్దని చెబుదామనుకున్నాను. అడిగితే కదా చెప్పడానికి. ఒక పిల్లకు నెత్తి మీద తోలు లేచింది.

నవంబరు 6, గురువారం

సెంటర్లో ఈరోజు ఒక కొత్త పాప చేరింది. పాత పిల్లలు దాన్ని చాప మీద కూచోనివ్వరు, గుడ్డు లాక్కున్నారు, జడ పట్టి లాగారు. నాకు ఒళ్లు మండిపోయింది. కొత్తవాళ్లను రానిస్తే మీ సొమ్మేమన్నా తరిగిపోతుందా అని గొంతు చించుకుని అరిచాను. మధ్యాహ్నానికి అందరూ కలిసి ఆడుకున్నారు. నా చేతిలో పడిన పిల్లలు దారికి రాకుండా ఎక్కడికి పోతారు.

ఇంటికొస్తే పెరట్లో పెద్ద కట్టడం. ఈరేష్ కడప బండలు నిలబెట్టి, వాటి మధ్య పచ్చ వల బిగించాడు. ఇటు నా కోళ్లు, అటు ఆ అమ్మాయి పిల్లలు. ఇలా కొన్నాళ్లు ఒకదానికొకటి కనబడుతూ ఉంటే అలవాటు పడతాయని ఫోన్లో చూశారట. మొగుడూ పెళ్లాం ఇద్దరూ కలిసి వల కడుతుంటే చూడాలి, తాజ్‌మహల్ కడుతున్నట్టు ఉంది. నా కోళ్ల గూటి తలుపుకు గడియ ఊడి రెండేళ్లయింది. తాడుతో కట్టుకుంటున్నాను. అది వీడి కంటికి ఆనదు.

ఆ మాటే అన్నాను. "నువ్వు ఎప్పుడు చెప్పినావక్కా?" అన్నాడు. చెప్పాలా?

రాత్రి తిండికి నాకు నేను వేరేగా సంగటి కెలుక్కున్నాను. ఆ అమ్మాయి కూర నాకు పడదు. కారం ఎక్కువ. అంతే, ఇంకేమీ లేదు. చర్చికి పోయేవాళ్ల పిల్ల కదా అని ఊళ్లో నలుగురూ నలభై అనుకోనీ, నాకు అలాంటి పట్టింపులు ఎన్నడూ లేవు. సెంటర్లో అందరి పిల్లలకూ నా చేత్తోనే అన్నం కలిపి పెడతాను. అదే అన్నాను. "పెట్టేది వేరక్కా, తినేది వేరు," అన్నాడు ఈరేష్. వాడికి ఈమధ్య నోరు బాగా లేచింది.

నవంబరు 9, ఆదివారం

వాళ్లిద్దరూ బండి మీద కర్నూలు చర్చికి పోయారు. వీడు లోపలికి పోడట, బయట టీ కొట్టు దగ్గర కూచుంటాడట. ఎవరికి చెబుతాడు ఆ కతలు.

పక్కింటి బీబమ్మ మిషను మీద నా జాకెట్టు కుట్టి తెచ్చింది. పెరట్లో అరుగు మీద కూచుని కాసేపు చూసింది. దొరసాని వల పక్కనే పోలీసులా అటూ ఇటూ తిరుగుతోంది. ఏ పిల్లయినా వలకు దగ్గరగా వస్తే చాలు, సందులోంచి ముక్కు దూర్చి ఒక్క పోటు.

"వాట్ని జూస్తే పాపమనిపిస్తాంది సుజనక్కా," అంది.

"నేను పొడవమని చెప్పినానా?"

"చెప్పల్యా. అయినా నీ కోడి నీ మాదిరే. నువ్వు వంటింట్లో ఉంటే ఆ పిల్ల గడప కాడ్నే నిలబడుకుంటాది, నేను శానా తూర్లు చూసినా."

దానికీ దీనికీ ఏం సంబంధం? వంటింట్లోకి రావద్దని నేను ఎన్నడూ అనలేదు. నా సామాను సర్దొద్దు అన్నాను. నా పోపుల డబ్బా ముట్టుకోవద్దు అన్నాను. పొయ్యి మీద నా గిన్నె ఉన్నప్పుడు దించొద్దు అన్నాను. ఇవి కూడా అనకూడదా? బీబమ్మతో ఏది మాట్లాడినా ఎగతాళే. జాకెట్టు చేతులు కూడా బిగుతుగా కుట్టింది.

నవంబరు 12, బుధవారం

ఈరేష్ ఈరోజు ఎయిర్‌పోర్టులో డ్రైవరు డ్యూటీ ముగించి, కారు అక్కడే పెట్టేసి తొందరగా వచ్చాడు. ఆ అమ్మాయి కంపెనీ డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. నా ఎదురుగా కూచుని మంచినీళ్లు తాగాడు. గ్లాసు కింద పెట్టలేదు, చేతిలోనే తిప్పుతున్నాడు. వాడు చిన్నప్పటి నుంచీ అంతే, చెడ్డమాట చెప్పేముందు చేతిలో ఏదో ఒకటి ఉండాలి.

"అక్కా, ఓర్వకల్లులో రూం చూస్తాండా."

"ఏంటికి?"

"కృపకు డ్యూటీ దగ్గరైతాది."

"ఈడ్నుంచి బస్సుండాది గదా."

"బస్సుండాది. ఆ పిల్లకు ఈడ ఉండేకే కావడంల్యా. కోడిపిల్లల్ని సాకుకునేకి కూడా తావు లేదంటాంది. ఒకటో తారీకు దాకా చూస్తాం. ఇట్లే ఉంటే పోతాము."

కోడిపిల్లలకు తావు లేదని ఇల్లు వదిలి పోతారా! ప్రపంచంలో ఎవరైనా వింటే నవ్వుతారు. నేను నవ్వలేదు. సరే, పోండి అన్నాను. పోనీ. నాకేం. ఒంటరిగా ఉండడం నాకు కొత్త కాదు. కాదు, నిజానికి కొత్తే. వాడు లేకుండా ఈ ఇంట్లో నేను ఎప్పుడూ ఉండలేదు. అయినా పోనీ.

నవంబరు 13

ఓర్వకల్లు ఎంత దూరం? అరిస్తే వినబడేంత. పోనీ.

నవంబరు 15, శనివారం

బాగా ఆలోచించాను. కోళ్లు కలిసిపోతే ఆ అమ్మాయికి పోవడానికి వంక ఉండదు. అంతే కదా? ఈ పని వాళ్లిద్దరి వల్లా కాదు, ఫోన్లో చూసి కోళ్లు సాకేవాళ్ల వల్ల ఏమవుతుంది. నేనే చేస్తాను. చెప్పకుండా చేస్తాను.

ఆ అమ్మాయికి ఈ వారం మధ్యాహ్నం షిఫ్టు. నేను సెంటర్ నుంచి వచ్చాక వలకు ఇటూ అటూ ఆనించి నూకలు చల్లాను. కట్టె పుచ్చుకుని కూచున్నాను. ఒకే చోట తింటున్నట్టు ఉండాలి, మధ్యలో వల మాత్రం ఉండాలి. దొరసాని తల ఎగరేసింది గానీ తిండి కనబడితే అదీ తగ్గుతుంది. పిల్లల్లో ఒక తెల్లది ఉంది, అది మరీ తిక్కది. భయమన్నదే లేదు. కృపమణి పొద్దున డ్యూటీకి పోయేముందు దాన్ని కొంగులో పెట్టుకుని తిరుగుతుంది. అదే అన్నిటికంటే ముందు వల దగ్గరికొచ్చి తింది.

మొదటి రోజుకు ఇది నయమే. వల మూల కాస్త విప్పాను. రెండు పిల్లలు ఇటు వచ్చి, తిరిగి అటు పోయాయి. మా పెట్టలు ఒకటి రెండు పోట్లు వేశాయి, పెద్దగా ఏం కాదు. మొదట్లో ఆమాత్రం ఉంటుంది.

ఎవరికీ చెప్పలేదు. ఒకటో తారీకు లోపల వాళ్లే చూస్తారు.

నవంబరు 18, మంగళవారం

రాసి తీరాలి.

సాయంత్రం నేను వచ్చేసరికి తెల్లపిల్లకు వీపు మీద పోటు పడి ఉంది. పెద్ద దెబ్బేం కాదు, వేలిగోరంత మేర ఈకలు పోయి కాస్త నెత్తురు చెమ్మ. వల మూల నేను విప్పిందే. అక్కడి నుంచే ఇటు వచ్చినట్టుంది. దాన్ని చేతిలోకి తీసుకున్నాను. ఆ అమ్మాయి వస్తే ఏమంటుందో అని కాదు. పాపమనిపించింది. దాని గుండె నా వేళ్లకు తగులుతోంది.

పసుపులో కాస్త సున్నం కలిపి, రెండు నీటిచుక్కలు వేసి నూరి పూశాను. మా ఇంట్లో దెబ్బ అంటే అదే మందు. అమ్మ నాకు పూసింది. నేను ఈరేష్ మోకాళ్లకు ఎన్నిసార్లు పూశానో లెక్క లేదు. వీపంతా పట్టించాను, ఎర్రగా పారాణి పెట్టినట్టు కుదిరింది. తెల్లటి ఈకల మీద అందంగా కూడా ఉంది. పెళ్లికూతురివి పో అని పిల్లల వైపు వదిలాను. వల మూల అలాగే విప్పి ఉంచాను, కలవాలి కదా అని. సెంటర్లో గ్యాస్ కట్టేశానో లేదో అని అనుమానం వచ్చి పోయి చూసి వచ్చాను. కట్టే ఉంది.

వచ్చేసరికి అన్నీ దాని మీదే ఉన్నాయి. దొరసాని ఒక్కటే కాదు. మా పెట్టలన్నీ. పెట్టెలో దాని పక్కన పడుకుని ఆత్మకూరు నుంచి వచ్చిన ఆ మిగతా పిల్లలు కూడా. ఎర్రగా కనబడిన చోటల్లా పొడుస్తున్నాయి. నేను కట్టె తీసుకుని అరుస్తూ పోయాను. అప్పటికే అయిపోయింది.

కృపమణి డ్యూటీ డ్రెస్సుతోనే పెరట్లోకి వచ్చింది. వెనక ఈరేష్.

"ఏం పూసినావు వదినా?"

"మందు. పసుపూ సున్నం."

"ఎర్రగా కనపడితే కోళ్లు పొడిచి సంపుతాయి. మా ఊర్లో చిన్నపిల్లోళ్లకు కూడా తెల్సు అది."

"నాకు తెలీదు."

"ఇన్నేండ్ల నుంచి కోళ్లు సాకుతాండావు. తెలీదంటే నమ్మాల్నా?" అని, విప్పి ఉన్న మూల వైపు చూసి, "వల ఎవురు విప్పినారు?" అంది.

నేనే అన్నాను. కలవాలనే విప్పానని, ఇన్ని రోజులుగా నూకలు చల్లి నేనే అలవాటు చేస్తున్నానని చెప్పాను. నాకే అబద్ధంలా వినబడింది. ఆ అమ్మాయి ఏడవలేదు, అరవలేదు. పిల్లను చున్నీలో చుట్టుకుని పక్కింటి గోడవతలికి పోయి పూడ్చి వచ్చింది.

ఈరేష్ నా వైపు చూశాడు. వీడి మోకాళ్లకు నేను ఆ మందే కదా పూసింది! ఒక్క మాట అనొచ్చు కదా, మా అక్కకు తెలిసిన మందు అదే అని. అనలేదు.

నాకు నిజంగా తెలియదు. నా కోళ్లకు ఎప్పుడూ దెబ్బ తగల్లేదు. పొడిచేవి అవే కదా.

నవంబరు 19

మందు పూశాను. మందే పూశాను.

నవంబరు 20, గురువారం

ఆ అమ్మాయి బయట బండ మీద మూడు రాళ్లు పెట్టి వండుకుంటోంది. వంటింట్లోకి రావడమే మానేసింది. ఊళ్లోవాళ్లు చూస్తే ఏమనుకుంటారు? నేను తరిమేశాననుకోరా?

"నీ వంట నువ్వు లోపల చేస్కో. నేను బయట ఉంటాలే," అన్నాను పోయి.

"వద్దులే వదినా. పది దినాలకు ఏంటికి."

పది దినాలు. అంటే రూం ఖాయం చేసుకున్నారు.

సాయంత్రం ఈరేష్ నిమ్మళంగా అన్నాడు, "ఆదివారం ఆ నల్లపెట్టను కోస్తా. అది ఉన్నన్నాళ్లూ ఇదే కథ."

నా పైప్రాణాలు పైనే పోయాయి. "కోస్తే నన్ను కొయ్యి ముందు" అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఏడో తరగతి దగ్గర మొదలుపెట్టి అన్నీ అన్నాను. వాడు చెప్పులేసుకుని బయటికి పోయాడు. ఇంకేం, రేపు పొద్దున్నే నేనూ దొరసానీ బద్వేలు పోతున్నాం, చిన్నమ్మ దగ్గరికి. సెంటర్‌కు సెలవు పెట్టాను. అందరికీ చల్లగా ఉంటుంది.

నవంబరు 21, శుక్రవారం, బద్వేలు

నంద్యాలలో ఒకసారి, మైదుకూరులో ఒకసారి బస్సు మారాను. గంప మీద గుడ్డ కట్టి ఒళ్లో పెట్టుకున్నాను. నంద్యాల బస్సులో కండక్టర్ గుడ్డ ఎత్తి చూశాడు.

"నీకు ఫ్రీనేనమ్మా, ఆధార్ సూపిచ్చు. దీనికి ఉండాదా ఆధార్?"

బస్సంతా నవ్వారు. "పెట్టనే గదప్పా, ఆడదే, దానికీ ఫ్రీనే," అని వెనక నుంచి ఎవరో. నేను తప్ప అందరూ సంతోషంగా ఉన్నారు ఈ రాష్ట్రంలో. దొరసాని గుడ్డ కిందే ఒక రెట్ట వేసి తన అభిప్రాయం చెప్పింది.

చిన్నమ్మ వెంకటేశ్వరమ్మ నన్ను చూసి మురిసిపోయింది. గంప చూసి, "ఏమ్మే, కోడిని తెచ్చినావు, కూరకా?" అంది. కాదు చిన్నమ్మా, చుట్టపుచూపుగా వచ్చింది అన్నాను.

నవంబరు 23, ఆదివారం

పొద్దున టీ పెడదామని లేచాను. అలవాటు. పొయ్యి దగ్గరికి పోయేసరికి చిన్నమ్మ కోడలు శివజ్యోతి ఎక్కడినుంచో వచ్చి నా చేతిలో గిన్నె తీసుకుంది. "నువ్వు కూచో వదినా, నీకు తెలీదు" అంది. మర్యాదగానే అంది. నవ్వుతూనే అంది. పోయి కూచున్నాను. టీపొడి ఎక్కడుందో నాకు తెలియదు, నిజమే. చక్కెర ఎక్కడుందో తెలియదు. తడిచేయి తుడుచుకోవాలంటే ఏ గుడ్డతో తుడుచుకోవాలో తెలియదు. మధ్యాహ్నం అంట్లు తోముతానంటే అదీ వద్దంది. అరుగు మీద కూచుని దారినపోయే బండ్లు చూశాను. ఇంత పెద్ద మనిషిని, నాకు చేసేందుకు పని లేదు.

ఈరేష్ ఫోను చేయలేదు. ఛార్జింగు ఉందో లేదో చూశాను. నిండుగా ఉంది.

నవంబరు 24, సోమవారం

పాపం ఎన్నాళ్లని గంప కింద మూస్తాను, కాళ్లు చచ్చుబడిపోవూ. దొరసానిని చిన్నమ్మ పెరట్లో వదిలాను. రాజఠీవిగా నాలుగడుగులు వేసిందో లేదో, చిన్నమ్మ పెట్టలు చుట్టుముట్టాయి. అందులో ఒళ్లంతా చుక్కలున్న ఒక పర్లపెట్ట, పీనుగుమొహంది, ఎగిరి దీని నెత్తి మీద కొట్టింది. దొరసాని ఒక్క పోటు కూడా తిరిగి వేయలేదు! పరుగెత్తిపోయి బట్టలుతికే బండ వెనక ఇరుక్కుని కూచుంది. నేను చీపురు తీసుకుని వాటి వెంటపడ్డాను. నోటికొచ్చినట్టు తిట్టాను. కొత్తగా వచ్చినదాన్ని పట్టుకుని ఇంతమంది పొడుస్తారా, సిగ్గు లేదూ, మీ సొమ్మేం తింది అది అని.

చిన్నమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. "అది కొత్తది గదమ్మా. పొడుస్తాయి మల్ల. నీ కోళ్లు పొడవవా ఏందీ?"

బండ వెనక నుంచి దొరసానిని బయటికి తీయడానికి చాలాసేపు పట్టింది. నన్ను కూడా నమ్మలేదు.

నవంబరు 26, బుధవారం

ఫోను వచ్చింది. ఈరేష్ కాదు, కృపమణి.

"వదినా, నీ ఎర్రపెట్ట పొదుగుకు కూచునింది. తిండికి కూడా లేవడంల్యా. గుడ్లు పెట్టి పొదిగించాల్నా, నీళ్లల్లో ముంచి పొదుగు ఇడిపించాల్నా? నీది గదా, అడుగుదామని చేసినా."

ఇది చలికాలం, పిల్లలు నిలవవు, రెండు పూటలా నీళ్లలో కడుపు తడిచేదాకా ముంచి ఎండలో వదులు అని చెప్పాను. మెడ గట్టిగా పట్టుకోవద్దు అని చెప్పాను. సరే వదినా అంది. ఇంకేమన్నా అడుగుతుందేమోనని కాసేపు ఫోను పట్టుకుని ఉన్నాను. దానికీ అదే అనుమానం కాబోలు, అటువైపు ఊపిరి వినిపిస్తోంది. తర్వాత పెట్టేసింది.

నా కోడిని ముట్టుకునే ముందు నన్ను అడిగింది. నేను దాని పిల్లకు మందు పూసే ముందు అడగలేదు. వల విప్పే ముందు అడగలేదు. మేలు చేస్తున్నాను కదా, అడిగేదేముంది అనుకున్నాను. ఫోను చేయడానికి నాకు చేతులు లేవా? ఉన్నాయి. డ్యూటీలో ఉంటే మాత్రం ఒక్క నిమిషం ఎత్తదా? ఎత్తేది. పూయొద్దు వదినా అనేది. ఆ పిల్ల బతికేది.

ఇది రాశాక చాలాసేపు కోపం వచ్చింది. ఎవరి మీద అని తేలలేదు. ఆఖరికి నా మీదే వచ్చినట్టుంది.

నవంబరు 28, శుక్రవారం

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. ఈరేష్ బస్టాండుకు వస్తాడేమో అనుకున్నాను. ఫోను చేసి చెప్పకపోతే ఎలా వస్తాడు. గంప నెత్తిన పెట్టుకుని నడిచాను.

పెరట్లో వల లేదు. బండలు గోడకు ఆనించి ఉన్నాయి. పదకొండు పిల్లలూ నా పెట్టల మధ్యే తిరుగుతున్నాయి. మరీ ఒళ్లో కూచోవడం లేదు, ఒక ఓరగా మేస్తున్నాయి, అయినా ఎవరూ ఎవరినీ తరమడం లేదు. వీటికి అడ్డమంతా దొరసానేనా? నాకు సంతోషం కలగాలి. కలగలేదు. మేం లేకపోతేనే అందరూ సుఖంగా ఉన్నారే అనిపించింది.

"నీ ఇల్లే ఇది, పోవే" అని దొరసానిని వదిలాను.

తన ఇల్లే. తను పొడిస్తే కిక్కురుమనకుండా పక్కకు తొలిగిన పెట్టలే. నీళ్లలో మునిగి లేచిన ఆ ఎర్రపెట్ట మొదట వచ్చింది. తర్వాత అన్నీ. కొద్దిరోజులు కనబడకపోతే ఇక అది ఎవరో ఏమో అన్నట్టు తరిమాయి. కాళ్లు మాత్రమే పొడుగున్న ఒక పిల్లపుంజు కూడా మెడ ఈకలు రేపి ఎదురు నిలబడింది. దొరసాని మూలకు పోయి గోడకేసి తల పెట్టుకుంది.

నేను కట్టె అందుకున్నాను. కృపమణి వంటింటి వాకిట్లో నిలబడి చూస్తోంది. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వడం లేదు.

"నడమ పోవద్దు వదినా. నువ్వు కొడితే దాన్ని ఇంగా ఎక్కువ పొడుస్తాయి. కండ్లు దాని మీదే పెట్టుకుందాం, నెత్తురొస్తే తీద్దాం."

"ఎన్నాళ్లు?"

"ఏమో. అది తలొంచుకుని మేసేదాకా."

కట్టె కింద పడేశాను. ఎవరి మాటా విని నేను కట్టె పడేసిన గుర్తు లేదు.

నవంబరు 30, ఆదివారం

రేపు ఒకటో తారీకు. పొద్దుటి నుంచీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు. వాళ్ల బట్టల పెట్టె మంచం కింద నుంచి బయటికి వచ్చి ఉంది, మూత వేసి ఉందో లేదో తెలియదు. చూడకూడదనుకుని మూడుసార్లు అటు పోయి వచ్చాను.

చర్చి నుంచి వచ్చాక కృపమణి వంట మొదలుపెట్టింది. బయట రాళ్ల మీద కాదు, లోపలే. నేను లేని రోజుల్లో వంటింట్లోకి మారినట్టుంది. నా డబ్బాలన్నీ పై వరుసకు పోయాయి. గరిటెలు ఉండే చోట గిన్నెలు ఉన్నాయి. నోటిదాకా వచ్చింది. గడప దగ్గరే నిలబడ్డాను. లోపలికి పోతే ఏదో ఒకటి అంటాను, అది నాకు తెలుసు. వెనక్కి పోతే ఇక ఎప్పటికీ పోతాను. వంకాయలు చీలుస్తూ ఆ అమ్మాయి తలెత్తింది.

"నేనేం చేయాల్న?" అన్నాను.

ఆ మాట కోసం నలభై రెండేళ్లలో ఎప్పుడూ నోరు తెరవలేదు, బిగుసుకుపోయిన మూత తీసినట్టయింది.

కృపమణి కాస్త జరిగి చోటిచ్చింది. "ఎల్లిపాయలు ఒలువు వదినా."

కూచుని ఒలిచాను. ఒక్కోటి ఒలిచి, ఎన్ని చాలు అని అడిగాను. ఇంగ రెండు అంది. అవీ ఒలిచాను. ఒలిచిన పొట్టంతా ఏరి కుప్ప చేశాను. చివరికి ఆగలేకపోయాను.

"తెల్లపిల్లకు నేను కావాలని పూయల్యా, కృపా. నిన్ను అడగాల్సిండె. అడగల్యా."

గరిటె ఆగింది. "తెల్సు వదినా. ఆ పొద్దు తెలీదు. మీ తమ్ముడు నాకు మల్ల మోకాలు సూపిచ్చి చెప్పినాడు." తర్వాత పొయ్యి వైపు తిరిగే అంది, "రేపు పోదామనుకున్న్యాము. కానీ పిల్లలు ఇప్పుడిప్పుడే కలిసినాయి. మల్ల పెట్టెలో ఏసుకుని కొత్త తావుకు పోతే మొదట్నుంచి మొదలు. కొన్ని దినాలు చూస్తామని రూము ఓనరుకు చెప్పినాడు."

ఉండండి అనాలి. ఉండిపోండి, నాకు ఎవరున్నారు అనాలి. నోరు తెరిస్తే, "కారం ఎక్కువెయ్యద్దు" అని వచ్చింది. నా నోటిని ఎవరైనా కుట్టేయాలి, బీబమ్మ అయితే బిగుతుగా కుడుతుంది.

"ఎక్కువే ఏస్తా," అంది కృపమణి. "తిను."

ముగ్గురం వంటింట్లోనే కింద కూచున్నాం. ఈరేష్ తల వంచుకుని తింటున్నాడు, నా కంచం వైపు చూడకుండా ఉండడానికి నానా అవస్థా పడుతున్నాడు. కూరలో కారం చాలా ఎక్కువ. చెవుల్లోంచి పొగ వచ్చింది. కంచంలో అన్నం అయిపోయింది. గిన్నె కృపమణి పక్కన ఉంది, నాకు అందదు. ఇంకొంచెం పెట్టమని అడిగాను.